సియెం రీప్ నుంచి ఒక్కరోజులో కో కేర్, బెంగ్ మీలియా: ఏది ముందు, ఎంత టైము, ఎంత ఖర్చు?

గోదారిగట్టు
నమస్కారం అందరికీ. నవంబరు చివర్లో కంబోడియా వెళ్తున్నాం. నలుగురం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ బాబు, 68 ఏళ్ళ నాన్నగారు. సియెం రీప్‌లో ఐదు రాత్రులు ఉంటాం. ఆంగ్‌కోర్ వాట్, బయోన్, తా ప్రోమ్ ఎలాగూ చూస్తాం, వాటి గురించి పాత చర్చల్లో చాలా ఉంది. ఒక రోజు మాత్రం జనం తక్కువగా వెళ్ళే దూరపు గుళ్ళకి పెట్టుకున్నాం. కో కేర్, బెంగ్ మీలియా రెండూ ఒకే రోజులో అవుతాయా? బాంతేయ్ స్రేయ్ కూడా కలపొచ్చా? నాన్నగారు నడుస్తారు గానీ మోకాళ్ళు అంత బాగాలేవు. మేం శాకాహారులం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

రాతిమెట్టు
రెండూ అవుతాయండీ. మూడోది కలపకండి. కలిపితే మూడు చోట్లా ఫొటో దిగి కారెక్కడమే మిగులుతుంది.

ముందు దూరాలు. బెంగ్ మీలియా సియెం రీప్ నుంచి రోడ్డు మీద దాదాపు 65–70 కి.మీ. ఆరో నంబరు జాతీయ రహదారి మీద తూర్పుగా దామ్ దేక్ దాకా వెళ్ళి, అక్కడ ఎడమకి ఉత్తరంగా తిరగాలి. బెంగ్ మీలియా నుంచి కో కేర్ ఇంకో 60 కి.మీ. పైచిలుకు. అంటే కో కేర్‌కి ఒకవైపు సుమారు 120–130 కి.మీ., రెండున్నర గంటలు. రోడ్డు తారుదే గానీ పశువులు, చెరకు లారీలు, స్కూలు పిల్లల సైకిళ్ళు ఉంటాయి. మన దగ్గర హైవే వేగం లెక్కలేసుకోకండి.

నేనైతే కో కేర్ ముందు అంటాను. ఉదయం 5:30కి హోటల్ నుంచి కదలండి. టిఫిన్ కట్టించుకోండి, చాలా హోటళ్ళు ముందురోజు రాత్రి చెబితే పెట్టెల్లో సర్ది ఇస్తాయి. బెంగ్ మీలియా దగ్గర ఆగకుండా నేరుగా పోతే 8 గంటలకి కో కేర్ చేరతారు. అక్కడ మూడు గంటలు. 11:15కి బయల్దేరితే 12:30కి బెంగ్ మీలియా. గుడి ఎదుటి హోటళ్ళలో భోజనం. 1:15 నుంచి 3:30 దాకా గుడి. 5 గంటలకి ఊళ్ళో ఉంటారు. చీకట్లో ఆ రోడ్డు మీద ఉండకపోవడం ముఖ్యం, లైట్లు లేని ట్రాక్టర్లు వస్తుంటాయి.

సీమవాసి
రాతిమెట్టు గారూ, ఈ వరుసతో నేను ఒప్పుకోను. బెంగ్ మీలియా 7:30కి తెరిచేటప్పటికి అక్కడుంటే గుడి మొత్తం మీదే. తొమ్మిదిన్నర దాటాక సియెం రీప్ నుంచి బస్సులు దిగుతాయి. చెక్క వంతెన ఇద్దరు పట్టేంత వెడల్పు. ఒక గుంపు ఫొటోలకి ఆగిందంటే వెనక వాళ్ళంతా ఆగాల్సిందే. కో కేర్‌లో ఏ టైములో వెళ్ళినా జనం పలచగానే ఉంటారు. అలాంటప్పుడు ఉదయపు ప్రశాంతతని అక్కడ ఖర్చుపెట్టడం ఎందుకు?

రాతిమెట్టు
సీమవాసి గారూ, మీ మాటలో న్యాయముంది. ఒంటరిగానో, ఇద్దరు కుర్రాళ్ళుగానో వెళ్తే నేనూ అదే చెప్తాను. ఇక్కడ పెద్దాయన, పిల్లవాడు ఉన్నారు. అందుకే ఎండ లెక్క చూశాను.

కో కేర్‌లో ప్రధానమైన ప్రాంగ్ ఏడంతస్తుల రాతి పిరమిడ్. అడుగున ఒక్కో వైపు 62 మీటర్లు, ఎత్తు సుమారు 36 మీటర్లు. చుట్టూ పచ్చిక మైదానం, నీడ లేదు. ఎక్కేది పక్కన కట్టిన చెక్కమెట్ల మీద. పదకొండు దాటాక ఆ రాయి సెగ కక్కుతుంది. ఎదురుముఖం తూర్పు కాబట్టి పొద్దునే వెలుగు ఏడంతస్తుల మీదా సూటిగా పడుతుంది, ఒక్కో మెట్టు నీడ కింది మెట్టు మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటితే సూర్యుడు వెనక్కి పోతాడు. ముందు నుంచి తీసిన ఫొటోలో నల్లటి దిబ్బ తప్ప ఏమీ రాదు.

బెంగ్ మీలియాలో నీడే నీడ. మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా చెట్ల కింద తిరగొచ్చు. బస్సుల వాళ్ళు రెండింటికల్లా చాలావరకు వెళ్ళిపోతారు. రెండున్నర తర్వాత అక్కడ పక్షుల కూతలే.

సీమవాసి
వెలుగు సంగతి ఒప్పుకుంటున్నాను. కాకపోతే మే–అక్టోబరు మధ్య వెళ్ళేవాళ్ళకి నా వరుసే మంచిది. వానలు ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం పడతాయి. తడిసిన బెంగ్ మీలియా రాళ్ళ మీద నాచు సబ్బులా జారుతుంది. వానాకాలంలో దాన్ని పొద్దునే ముగించెయ్యాలి. నవంబరు చివర అయితే రాతిమెట్టు గారు చెప్పినట్టే కానివ్వండి.

చిల్లరలెక్క
టికెట్ల దగ్గర చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. ఇది జాగ్రత్తగా చదవండి.

బెంగ్ మీలియాకి ఒకప్పుడు విడిగా 5 డాలర్ల టికెట్ ఉండేది. 2020 నుంచి అది ఆంగ్‌కోర్ పాస్‌లో కలిసిపోయింది. పాస్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాస్ పది రోజుల్లోపు ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా అక్కర్లేదు. కో కేర్ ఈ పాస్‌లో లేదు. దానికి విడిగా మనిషికి 15 డాలర్లు.

ఇందులో మెలిక ఏమిటంటే, బెంగ్ మీలియా గేటు దగ్గర పాస్ చూపించగానే ఆ రోజు ఖర్చయిపోయినట్టే. మూడు రోజుల పాస్ కొని ఆంగ్‌కోర్ లోపల మూడు రోజులు తిరిగి, నాలుగో రోజు బెంగ్ మీలియా వెళ్తే మళ్ళీ 37 డాలర్లు పెట్టాలి. కాబట్టి ఆంగ్‌కోర్ లోపలివి రెండు రోజుల్లో ముగించి మూడో రోజు దీనికి ఉంచండి. బాంతేయ్ స్రేయ్ కూడా ఇదే పాస్ కిందకి వస్తుంది. దాన్ని రెండో రోజు తా ప్రోమ్‌తో కలపండి, సియెం రీప్ నుంచి 37 కి.మీ. మాత్రమే.

పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఆంగ్‌కోర్ పాస్ అక్కర్లేదు. అయితే వయసు రుజువుకి అసలు పాస్‌పోర్టు చూపాలి. బాబుది హోటల్ లాకర్‌లో వదిలి వెళ్ళకండి.

పాస్ ఆన్‌లైన్‌లో అధికారిక ఆంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ సైటు, యాప్ రెండింటిలోనూ దొరుకుతుంది. కో కేర్ టికెట్ కూడా అక్కడే ఉంది. ముందురోజు రాత్రి కొని ఫోన్లో దాచుకోండి, దారిలో సిగ్నల్ పోతే ఇబ్బంది లేకుండా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తెల్లవారి 5:30కి కౌంటరుకి వెళ్ళి క్యూలో నిలబడితే గంట పోయినట్టే. కౌంటర్ మీ హోటల్ దారిలో ఉండదు కూడా.

డాలరు నోట్ల విషయం. అంచు చిరిగినా, సిరా గీత పడినా అక్కడ తీసుకోరు. బ్యాంకు నుంచి నోట్లు తీసుకునేటప్పుడే ఒక్కోటీ వెలుగులో చూసుకోండి. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఎక్కువ ఉంచుకోండి. డాలరుకి అటూ ఇటూగా 4,000 రియెల్‌లు. డాలరు లోపు చిల్లర రియెల్‌లోనే ఇస్తారు, కొబ్బరిబొండాలకి అవి పనికొస్తాయి.

శిల్పరేఖ
దారి, డబ్బు అయ్యాయి. ఇక అక్కడ ఏం చూడాలో చెప్తాను. తెలియకుండా వెళ్తే కో కేర్ ఒక పిరమిడ్, కొన్ని ఇటుకల కుప్పలు, అంతే.

నాలుగో జయవర్మ రాజధానిని ఆంగ్‌కోర్ నుంచి ఇక్కడికి తెచ్చాడు. 928 నుంచి 944 వరకు, పదహారేళ్ళపాటు, ఖ్మేర్ రాజ్యానికి, అంటే అప్పటి కంబోడియాకి, ఇదే కేంద్రం. శాసనాల్లో దీని పేర్లు చోక్ గర్గ్యార్, లింగపుర. తర్వాత రాజేంద్రవర్మ మళ్ళీ ఆంగ్‌కోర్‌కి వెళ్ళిపోయాడు. పదహారేళ్ళలో అంత రాయి పేర్చారు, అంత పెద్ద చెరువు తవ్వారు. రహాల్ అనే ఆ చెరువు దాదాపు 1,200 మీటర్ల పొడవు, 560 మీటర్ల వెడల్పు. కొంత భాగం బండరాతినే తొలిచారు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

చూసే క్రమం చెప్తాను. లోపలికి వెళ్ళగానే ప్రసాత్ ప్రామ్ వస్తుంది. ప్రసాత్ అంటే గుడి, ప్రామ్ అంటే ఐదు. ఐదు చిన్న గోపురాలు, వాటిలో రెండింటిని మర్రి జాతి వేళ్ళు జడ అల్లినట్టు చుట్టేశాయి. ఇరవై నిమిషాలు చాలు. అక్కణ్ణుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా ప్రసాత్ థోమ్‌కి పోండి, ఎండ ముదరకముందే పిరమిడ్ ఎక్కాలి. థోమ్ అంటే పెద్ద. ముందుగా ప్రసాత్ క్రహామ్ అనే ఎర్ర ఇటుకల ద్వారగోపురం, అందులోంచి నడిచి ప్రాకారాలు దాటుతూ పోతే చివర్న ప్రాంగ్ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడుతుంది. కారులోంచి పక్కదారిన పిరమిడ్ దగ్గరికే దింపుతామంటే వద్దనండి. ఆ గుడి కట్టినవాళ్ళు మనల్ని నడిపించాలనుకున్న దారి అది.

పైన ఒకప్పుడు బ్రహ్మాండమైన శివలింగం ఉండేది. దేవుడి పేరు త్రిభువనేశ్వరుడు. ఇప్పుడు మిగిలింది లోతైన గుంట, దాని చుట్టూ పీఠాన్ని మోస్తున్నట్టు చెక్కిన బొమ్మలు. గుంట అంచున నిలబడి తొంగిచూడకండి.

దిగాక చెరువు చుట్టూ దారిలో లింగాల గుళ్ళకి గంట కేటాయించండి. ఒక్కో గుడి ఒక చిన్న గది, లోపల మనిషెత్తు లింగం. మన తెలుగువాళ్ళు అక్కడ గమనించాల్సింది పానవట్టం. లింగం, పీఠం పెద్దపెద్ద రాళ్ళ నుంచి చెక్కారు. అభిషేకజలం పోయే తూము గోడలోంచి బయటికి వచ్చి ఉంటుంది. సోమసూత్రం ఎటువైపు ఉందో వెతికితే ఎటు తిరిగి పూజ చేశారో, ఎటు నించొని నీళ్ళు పట్టుకున్నారో తెలిసిపోతుంది. వేల కిలోమీటర్ల దూరాన మన శివాలయంలో నిలబడ్డట్టే ఉంటుంది.

శిల్పరేఖ
ఇంకొకటి మర్చిపోయాను. ప్రసాత్ చెన్ అనే గుడి కాస్త పక్కన ఉంటుంది. భీమ దుర్యోధనుల గదాయుద్ధాన్ని అక్కడ విడివిడి విగ్రహాలుగా నిలబెట్టారు. గోడ మీద చెక్కిన బొమ్మలు కావవి. ఇద్దరు వీరులు ఎదురెదురుగా, చుట్టూ బలరాముడు, పాండవులు చూస్తున్నట్టు. నేల మీదే భారత ఘట్టం ఆడుతున్నట్టన్నమాట.

1970ల అంతర్యుద్ధ కాలంలో దొంగలు వాటిని చీలమండల దగ్గర నరికి తీసుకుపోయారు. పాదాలు పీఠాల మీదే మిగిలాయి. నలభై ఏళ్ళ తర్వాత దుర్యోధనుడు న్యూయార్క్‌లో వేలానికి వచ్చినప్పుడు ఆ పాదాలే సాక్ష్యం చెప్పాయి. ఇక్కడి పాదం, అక్కడి పిక్క సరిపోయాయి. 2014లో దుర్యోధనుడు, భీముడు ఇద్దరూ అమెరికా నుంచి తిరిగొచ్చారు. ఇప్పుడు ఫ్నోమ్ పెన్ జాతీయ మ్యూజియంలో ఉన్నారు. మీ ప్రయాణంలో ఫ్నోమ్ పెన్ ఉంటే కో కేర్ చూశాకే మ్యూజియంకి వెళ్ళండి. ముందు ఖాళీ చోటు చూసి, తర్వాత విగ్రహాలు చూడాలి.

గోదారిగట్టు
శిల్పరేఖ గారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ధన్యవాదాలు. ఇంకా కొన్ని సందేహాలు. నాన్నగారు పిరమిడ్ ఎక్కలేరు, అంతసేపు ఆయన ఏం చెయ్యాలి? తిండి సంగతేంటి? మందుపాతరలు ఉన్నాయని విన్నాం, నిజమేనా? కుదిరితే ప్రేహ్ విహార్ కూడా చూడాలని ఉంది.

ఓరుగల్లు_అక్క
నాన్నగారి గురించి నేను చెప్తా తమ్మీ. కో కేర్ పార్కింగ్ పక్కన తినే కొట్లు, నీడ, మరుగుదొడ్లు ఉన్నయి. ఎర్ర ద్వారగోపురం దాకా సమతలమే, మెల్లగ నడవచ్చు. అక్కడిదాకా ఆయన్ని తీసుకపోయి, మీరు ఎక్కి దిగే నలభై నిమిషాలు పచ్చికల చెట్టు కింద కూసోబెట్టుండ్రి. మడతకుర్చీ దొరికితే కార్ల వేసుకపోండ్రి, చాన పనికొస్తది.

బెంగ్ మీలియాల మాత్రం ముందే చూసుకోవాలె. చెక్కవంతెన నిలకడగ ఉంటది గానీ నడుమ నడుమ నిటారు మెట్లు దిగి, ఎక్కాలె. మోకాలి నొప్పులుంటే మొత్తం చుట్టు వద్దు. దక్షిణం దిక్కు రాళ్ళదారి సమంగ ఉంటది, రెండు పక్కల నాగపడగల చెక్కడాలు చెక్కుచెదరకుండ ఉన్నయి. అక్కడి నుంచి వంతెన మొదటి భాగం దాకా పోయి వెనక్కి మళ్ళితే ఆయనకు గుడి చూసిన తృప్తి ఉంటది. మిగిలిన ముగ్గురు పూర్తి చుట్టు తిరుగుండ్రి.

తిండి. ఊరికే వెజ్ అంటే నడవది. కూరగాయల వేపుడు అడిగినా చేప సాస్ పోస్తరు, వాళ్ళకు అది ఉప్పు లెక్క. గుర్తు పెట్టుకునే మాటలు: న్యామ్ బూస్ అంటే శాకాహారం తింటానని. ఒత్ సాచ్ మాంసం వద్దు, ఒత్ త్రేయ్ చేప వద్దు, ఒత్ తెక్ త్రేయ్ చేప సాస్ వద్దు. ప్రహోక్ అంటే ఊరబెట్టిన చేప ముద్ద, అది కూడ వద్దని చెప్పాలె. గుడ్డు తినకపోతే ఒత్ పోంగ్ మొవాన్. ఆయిస్టర్ సాస్ సీసా వేరే ఉంటది, దాన్ని వేలుపెట్టి చూపించి వద్దనుండ్రి. అన్నిటికన్న సులువు బాయ్ స, అంటే తెల్లన్నం. మన పచ్చడి సీసా, పల్లీల పొడి తీసుకపోతే నలుగురికి నిమ్మళంగ సరిపోతది.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. నవంబరుల చల్లగ ఉంటదని నీళ్ళు తగ్గించద్దు, పిరమిడ్ దగ్గర చెమట దిగకారుతది.

దక్షిణవాకిలి
మందుపాతరల సంగతి నిజమే. కో కేర్ చుట్టుపక్కల యుద్ధకాలంలో విపరీతంగా పాతారు. యాత్రికులు తిరిగే గుళ్ళు, దారులు శుభ్రం చేశారు. నియమం ఒక్కటే: కాళ్ళు నలిగిన బాట దాటకూడదు. చెట్ల వెనక ఇంకో చిన్న గుడి కనపడిందని పొదల్లోకి వెళ్ళకూడదు. మూత్రానికి కూడా బాట దిగకండి, మరుగుదొడ్డికే వెళ్ళండి. ఎర్ర బోర్డు మీద పుర్రె బొమ్మ ఉంటే అక్కణ్ణుంచి వచ్చిన అడుగుల్లోనే వెనక్కి. పదకొండేళ్ళ బాబుకి ఇది కారు దిగకముందే గట్టిగా చెప్పండి. నేల మీద లోహపు ముక్క ఏది కనపడినా ముట్టుకోకూడదని కూడా.

ఇక ప్రేహ్ విహార్. దాంగ్రెక్ కొండ అంచున, 525 మీటర్ల ఎత్తున, దాదాపు 800 మీటర్ల పొడవునా ఒకదాని వెనక ఒకటి ఐదు గోపురాలతో కట్టిన శిఖరీశ్వరుడి గుడి. చోటు కోసం చూస్తే ఖ్మేర్ గుళ్ళలో దానికి సాటి లేదు. కానీ అది థాయ్‌లాండ్ సరిహద్దు మీదే ఉంది. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం కంబోడియాదని తీర్పిచ్చినా తగాదా ఆగలేదు. 2008–2011లో కాల్పులు జరిగాయి. 2025 జూలైలో ఐదు రోజులు పెద్ద ఘర్షణ జరిగింది, డిసెంబరులో మళ్ళీ మొదలైంది. సియెం రీప్ నుంచి 200 కి.మీ. పైనే ఉంటుంది. కుటుంబంతో ఈసారికి దాని ఊసు ఎత్తకండి. బాంతేయ్ ఛ్మార్ కూడా సరిహద్దుకి దగ్గరే, దానికీ ఇదే మాట.

కో కేర్ ప్రేహ్ విహార్ పేరుగల రాష్ట్రంలోనే ఉంది కాబట్టి మ్యాప్ చూసి భయపడతారు. అది సరిహద్దు నుంచి అరవై కి.మీ. పైనే దక్షిణంగా ఉంది. అయినా బయల్దేరే ముందు వారం ఫ్నోమ్ పెన్‌లోని మన రాయబార కార్యాలయం సూచనలు చూడండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఒక వాక్యం వెతకండి: ప్రభుత్వం వెళ్ళవద్దన్న ప్రాంతంలో ప్రమాదం జరిగితే చెల్లుబాటు కాదని చాలా పాలసీల్లో ఉంటుంది. బ్యాంకాక్ నుంచి బస్సులో వద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. 2025 ఘర్షణల్లో భూమార్గపు చెక్‌పోస్టులు మూసేశారు. విమానమే నమ్మకం.

మరో సంగతి. సియెం రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో మొదలైంది, ఊరికి తూర్పున 40 కి.మీ. పైనే. ఊళ్ళోకి గంట పడుతుంది. పాత విమానాశ్రయాన్ని మనసులో పెట్టుకుని దిగిన రోజే గుళ్ళు అనుకోకండి. కంబోడియా ఈ-అరైవల్ ఫారం దిగే ముందు ఏడు రోజుల్లోపు నింపాలి. అధికారిక సైటులో ఉచితం, డబ్బు అడిగితే అది నకిలీ సైటు.

శిల్పరేఖ
బెంగ్ మీలియా ఎందుకిలా కూలిందని అందరూ అడుగుతారు. చెట్లు పడగొట్టాయని గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే నిజం.

ఖ్మేర్ శిల్పులు సున్నం వాడలేదు. ఇసుకరాయి మీద ఇసుకరాయి పెట్టి, ఒరిపిడితో నునుపు చేసి, వెంట్రుక దూరనంత దగ్గరగా పేర్చారు. పైకప్పు నిజమైన వంపు కాదు. ఒక్కో వరసని ముందుకి కాస్త కాస్త జరుపుతూ రెండు వైపులా కలిపేశారు. అందువల్ల బరువంతా కిందికే దిగుతుంది, పక్కకి బిగువు ఉండదు. ఒక గోడ అడుగున పునాది కుంగితే, లేదా ఒక స్తంభం జారితే, ఆ వరస మొత్తం పేకమేడలా వస్తుంది. గుంటూరు మిర్చి బస్తాల దొంతరలో కింది బస్తా లాగితే ఏమవుతుందో అదే. విత్తనం ఆ సందులోకి దిగి వేరు లావెక్కడం తర్వాతి ముచ్చట. వేరు సందుని విడదీస్తుంది, కొన్ని చోట్ల అదే వేరు రాళ్ళని పట్టి కూడా ఉంచుతుంది. ఇప్పుడు చెట్టు చస్తే గోడ పడిపోయేవి అక్కడ చాలా ఉన్నాయి.

గుడి ఆంగ్‌కోర్ వాట్ శైలిలో, 12వ శతాబ్దంలో కట్టింది. పునాది శాసనం దొరకలేదు, శైలిని బట్టే కాలం చెప్తారు. చుట్టూ కందకం 45 మీటర్ల వెడల్పు. అసలు అంతస్తుల్లేని గుడి ఇది, అంతా నేల మీదే పరుచుకుంది. రాయి కూలెన్ కొండ అడుగున ఉన్న క్వారీల నుంచి వచ్చింది. ఆంగ్‌కోర్ వాట్‌కి రాయి మోసిన కాలువల జాడలు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

పడి ఉన్న రాళ్ళని దగ్గరగా చూడండి. చాలా వాటిలో బొటనవేలు దూరేంత గుండ్రటి చిల్లులు రెండేసి, నాలుగేసి కనపడతాయి. బులెట్ దెబ్బలని కొందరు చెప్తారు, కాదు. రాయి లేపేటప్పుడు కొయ్య మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టడానికి వేసినవవి. పైకి కనపడే ముఖం మీదున్న చిల్లులని తర్వాత రాతిముక్కలతో మూసేశారు. ఒక్కసారి తెలిస్తే ఆ తర్వాత ప్రతి రాతిలోనూ అదే వెతుకుతారు, బాబుకి మంచి ఆట అవుతుంది. సముద్రమథనం, గరుడుడి మీద విష్ణువు చెక్కిన ద్వారపై పలకలు కూడా పడిన రాళ్ళ మధ్య కనపడతాయి.

రాళ్ళ గుట్టల మీదికి ఎక్కమని, మంచి ఫొటో వస్తుందని అక్కడి పిల్లలు, కొందరు కాపలావాళ్ళు పిలుస్తారు. వెళ్ళకండి. ఏ రాయి కదులుతుందో పైకి తెలియదు. పైగా ప్రతి అడుగూ చెక్కడాన్ని అరగదీస్తుంది.

సీమవాసి
ఆకుల మీద చెయ్యి పెట్టేటప్పుడు కొరికే ఎర్రచీమల గూళ్ళు చూసుకోండి. చెక్క వంతెన కమ్మీ మీద వరసగా పోతుంటాయి. కాళ్ళకి చెప్పులు వద్దు, అడుగు పట్టున్న బూట్లు వేసుకోండి. దోమల మందు సాయంత్రమే కాకుండా పొద్దున కూడా రాసుకోవాలి, డెంగీ దోమ పగలే కుడుతుంది.

కాకతీయ_తోరణం
రాతిమెట్టు గారిదీ, సీమవాసి గారిదీ కాకుండా ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఆరో నంబరు రహదారి మీదే ఇంకా ఆగ్నేయంగా వెళ్తే సంబోర్ ప్రేయ్ కుక్ వస్తుంది. సియెం రీప్ నుంచి సుమారు 175 కి.మీ., మూడు గంటలకి పైనే. ఏడో శతాబ్దంలో ఈశానపురం అనే రాజధాని ఇదే. ఆంగ్‌కోర్ పుట్టకముందు ఇటుకతో కట్టిన గుళ్ళు. కొన్ని అష్టకోణాకారం, ఖ్మేర్ నేలలో అది అరుదు. ఇటుక గోడ మీదే చెక్కిన ఎగిరే ప్రాసాదాల బొమ్మలు ఉన్నాయి. 2017లో యునెస్కో జాబితాలో చేరింది. అంతా నేలమట్టం, అడవి నీడ, ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి దీన్ని మించింది లేదు. దారిలో కంపోంగ్ క్దేయ్ దగ్గర 12వ శతాబ్దపు లాటరైట్ (ఎర్రమట్టి రాయి) వంతెన ఉంది, ఇరవై ఒక్క వంపులు. కొత్త రోడ్డు పక్క నుంచి వేశారు కాబట్టి దిగి నడవొచ్చు.

ఇది కో కేర్‌తో కలవదు. మీ నాన్నగారు కారులో ఆరు గంటలు కూర్చోగలరా అనేదాన్ని బట్టి ఎంచుకోండి.

చిల్లరలెక్క
కారు మాట్లాడేటప్పుడు జరిగే తేడాలు చెప్తాను. నలుగురికి సరిపడే ఏసీ కారు, డ్రైవరుతో కో కేర్, బెంగ్ మీలియా కలిపి మామూలుగా 80 నుంచి 110 డాలర్లు. టుక్‌టుక్ బెంగ్ మీలియాకి వస్తుంది గానీ రెండు గంటలు దుమ్ము తింటూ కూర్చోవాలి. కో కేర్‌కి అసలు వద్దు.

ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగాల్సినవి: ఎన్నింటికి ఎక్కిస్తారు, రెండు గుళ్ళూ కలిపా, కో కేర్‌లో చెరువు చుట్టూ ఉన్న లింగాల గుళ్ళకి తిప్పుతారా, లేక ప్రాంగ్ మాత్రమేనా, డీజిల్, పార్కింగ్, రోడ్డు టోల్ ఉంటే ఎవరిది, డ్రైవరు భోజనం ఎవరిది. ఎక్కువ గొడవలు మూడో ప్రశ్న అడగకపోవడం వల్లే వస్తాయి. కో కేర్ అంటే డ్రైవరుకి ప్రాంగ్ ఒక్కటే. లింగాల గుళ్ళు ఆఖర్న అడిగితే అదనంగా పదో, పదిహేనో అడుగుతాడు. అతని తప్పు కాదు, ముందు మాట అది కాదు మరి. డ్రైవరు లోపలికి వచ్చి వివరించడు, గైడు కావాలంటే విడిగా మాట్లాడుకోవాలి.

మీ నలుగురి లెక్క: కారు 95, కో కేర్ టికెట్లు బాబుకీ వేసుకుంటే నాలుగుకి 60, భోజనం, కొబ్బరిబొండాలు 25, డ్రైవరుకి బహుమతి 5. మొత్తం 185 డాలర్లు. ఆంగ్‌కోర్ పాస్ మీరు ఎలాగూ కొంటారు కాబట్టి వేయలేదు.

గోదారిగట్టు
అందరికీ కృతజ్ఞతలు. ఇలా రాసుకున్నాను, సరిచూడండి. 5:30కి బయలు. 8 కో కేర్. ప్రామ్, తర్వాత ప్రసాత్ థోమ్, తర్వాత లింగాలు, చెన్. 11:30 బయలు. 12:45 బెంగ్ మీలియా, భోజనం, 1:30 నుంచి 3:30. నాన్నగారితో నాగపడగల దారి వరకే. పాస్ మూడో రోజు దీనికి. పచ్చడి సీసా, మూడు లీటర్ల నీళ్ళు, పాస్‌పోర్టులు, మడతకుర్చీ.

రాతిమెట్టు
బాగుందండీ. ఒక్క మార్పు. చెన్‌ని లింగాల తర్వాత కాకుండా వెళ్ళేటప్పుడు దారి మీద పడితేనే చూడండి. దానికోసం పదకొండున్నర దాటితే బెంగ్ మీలియా టైము తరుగుతుంది. అప్పుడు డ్రైవరు చీకటి పడుతోందని తొందరపెడతాడు, అతనిదే నిజమవుతుంది. ఆలస్యమైతే కోయాల్సింది లింగాల గుళ్ళలో రెండు, బెంగ్ మీలియా కాదు. డ్రైవరుకి ఈ టైములు ముందురోజు రాత్రే పంపి, 3:30కి గేటు దగ్గర ఉండమని చెప్పండి. లోపల ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

ఓరుగల్లు_అక్క
ఇంకొకటి తమ్మీ. కొట్ల కాడ కొబ్బరిబొండాం తాగినంక అక్కడే లేత కొబ్బరి కూడ చెక్కి ఇమ్మనుండ్రి, నాన్నగారికి మధ్యాహ్నం దాకా ఆగుతది.